పుట్టుక, పని, పూర్వశిక్ష — ఎల్లలు దాటిన తెలుగు శ్రామికుల చట్టచరిత్ర

ఉద్యోగములకు సంబంధించిన చట్టము ఏ దేశమునందైనను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియుండును. యజమాని ఎవరిని, ఏ కారణముచే పనిలోనికి రానీయకుండ నుండవచ్చును? పనిలో చేరినవాడు యజమానికి ఎంతవరకు బద్ధుడు? ఒకప్పుడు శిక్ష అనుభవించినవానిని ఆ శిక్ష ముగిసిన తరువాత కూడ పనికి దూరముగా నుంచవచ్చునా? న్యాయవాదులు వీనిని వేర్వేరు అధ్యాయములుగా చర్చింతురు. కాని ఆంధ్రదేశపు ఎల్లలు దాటి కన్నడ, తమిళ, మహారాష్ట్ర, ఉత్కళ ప్రాంతములలో స్థిరపడిన మన శ్రామిక జాతుల విషయమున ఈ మూడును ఒకే ముడిగా పడినవి. పని మానుట నేరమైనది. ఒక కులమున పుట్టుటయే పూర్వశిక్షతో సమానమైనది. ఆ రెండును కలిసి పని దొరకకపోవుటకు కారణములైనవి. ఈ ముడి 1859లో పడి, 1911లో బిగిసి, 1925 మొదలు 1952 వరకు కొంచెము కొంచెముగా సడలినది. పూర్తిగా విడిపోయినదని నేటికిని చెప్పుటకు వీలులేదు.

ప్రవాసాంధ్రుల చరిత్ర యనగానే మనకు మధుర, తంజావూరు నాయకరాజులును, వారి ఆస్థానములలోని కవులును, వాగ్గేయకారులును స్మరణకు వత్తురు. అది సహజమే. అయితే ఆ రాజులు త్రవ్వించిన చెరువులను త్రవ్వినవారెవరు, వారి సంతతివారు తరువాత ఏమైరి అను ప్రశ్న ఇట్టి సంచికలలో అరుదుగా కనబడును. ఈ వ్యాసము వారిని గూర్చినది.

వడ్డెరలను మొదట చెప్పుకొనవలెను. ఓడ్రదేశము నుండి వచ్చినవారగుటచే ఒడ్డెలనబడిరని పలువురి అభిప్రాయము. కన్నడదేశమున వీరు వడ్డరులు, భోవులు, తమిళదేశమున ఒట్టర్లు, బోయర్లు, మహారాష్ట్రమున వడార్లు. పేరు ఏదైనను, ఇంటిలో మాటలాడునది తెలుగే. తరములు గడచినను ఆయా ప్రాంతముల పలుకుబడి కలిసిన ఒక తెలుగు వారి నాలుకపై నిలిచియున్నది. మట్టిపని చేయువారు కొందరు, రాతిపని చేయువారు కొందరు, బండ్లపై రాళ్ళు తోలువారు కొందరు. బావి త్రవ్వుట, చెరువుకట్ట వేయుట, బాట పోయుట, పిదప రైలుకట్ట పోయుట వీరి వృత్తి. దక్షిణదేశమున మొదటి రైలుమార్గము 1856 జూలై 1వ తేదీన రాయపురము నుండి ఆర్కాటు వైపునకు తెరువబడినది. ఆ తరువాత అర్ధశతాబ్దిపాటు కట్ట పోయుటకు కూలీలు ఎంతమంది యున్నను చాలని పరిస్థితి యేర్పడినది.

ఈ పనిలో జీతము రోజునకింతయని కాక కొలతను బట్టి యుండెడిది. త్రవ్విన గోతి నడుమ సాక్షిగా విడిచిన మట్టిదిమ్మె యెత్తును కొలిచి, దానినిబట్టి లెక్కగట్టి డబ్బు ఇచ్చెడివారు. కొలత తీయువరకు తిండి గడవవలెను గనుక గుత్తదారు మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చును. మేస్త్రి తన కూటమిలోని కుటుంబములకు పంచును. రాయి తగిలినను, వాన కురిసినను, కొలతలో మోసము జరిగినను ఆ అడ్వాన్సు తీరదు. తీరకముందే పనిచోటు విడిచి మరియొక పనికి పోయిన కూలి, మన కంటికి బాకీదారుడు మాత్రమే. నాటి చట్టము అట్లు చూడలేదు.

1859వ సంవత్సరపు 13వ చట్టమును, అనగా శ్రామికుల ఒడంబడిక భంగ చట్టమును, మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరముల కొరకు చేసిరి. ఇతర ప్రాంతములకు దానిని విస్తరింపజేయు అధికారము ప్రభుత్వములకు ఇచ్చిరి, అట్లే విస్తరించిరి. చట్టమునందలి యేర్పాటు సరళమైనది. చేతిపనివాడు గాని, కూలి గాని అడ్వాన్సు తీసికొని, తగిన కారణము లేక పని చేయకపోయినయెడల, యజమాని మేజిస్ట్రేటు కడ ఫిర్యాదు చేయవచ్చును. మేజిస్ట్రేటు యజమాని కోరిక ననుసరించి, సొమ్ము తిరిగి చెల్లింపుమనియో, పని పూర్తిచేయుమనియో ఆజ్ఞాపించును. ఆజ్ఞ తప్పినచో మూడు నెలలవరకు కఠినశిక్ష. సాధారణముగా ఒడంబడిక తప్పినవానిపై సివిలు దావా వేయవలెను. ఇచ్చట మాత్రము నేరవిచారణ. కూలి ఇయ్యని యజమానిని ఇదే విధముగా మేజిస్ట్రేటు ముందునకు ఈడ్చుటకు ఆ చట్టమున ఒక్క మాటయైనను లేదు. మరుసటి సంవత్సరమున వచ్చిన భారత శిక్షాస్మృతిలో 490, 492 సెక్షనులును ఇట్టివే. యజమాని ఖర్చుతో దూరప్రదేశమునకు తీసికొనిపోబడిన పనివాడు ఒప్పుకొన్న కాలములో పని మానినచో, 492వ సెక్షను క్రింద ఒక నెల ఖైదు గాని, ప్రయాణవ్యయమునకు రెట్టింపునకు మించని జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. దూరప్రదేశము, యజమాని ఖర్చు అను ఈ రెండు మాటలును ఊరు విడిచి పనికై పోయినవాని కొరకే వ్రాయబడినట్లుండుట గమనింపదగినది.

ఇంగ్లండునందు పనివాని ఒడంబడిక భంగమును నేరముగా నెంచు పద్ధతి 1875లో తొలగింపబడినది. మనదేశమున 1859 చట్టమును, శిక్షాస్మృతిలోని ఆ రెండు సెక్షనులను రద్దుచేయుటకు 1925వ సంవత్సరపు 3వ చట్టము వరకు ఆగవలసివచ్చెను. ఏబది సంవత్సరముల ఈ వ్యవధికి పాలకులు చెప్పిన సమాధానము, ఈ దేశపు కూలీకి ఒడంబడిక విలువ తెలియదని. తెలియనిది కూలీకో, ఏకపక్షపు చట్టము చేసినవారికో పాఠకులే నిర్ణయింపగలరు.

ఇచ్చట ఉత్కళమును గూర్చి ఒక మాట. గంజాము, కొరాపుట్టి ప్రాంతములు 1936 ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాజధాని నుండి విడిపోయి ఒరిస్సాలో చేరినవి. ఆ మన్యములలో గొత్తి యను పద్ధతి కలదు. కొద్దిపాటి అప్పునకు మనిషి తన్ను తాను, కొన్నిచోట్ల తన కుమారునిగూడ, సాహుకారునకు పాలేరుగా అప్పగించుకొనుట. మద్రాసు ఏజెన్సీలో 1940లో ఒక రెగ్యులేషనుచే దీనిని నిషేధించిరి. సరిహద్దునకు ఆవలనున్న ఒరిస్సాలో అట్టి రెగ్యులేషను 1948లో వచ్చినది. గొత్తి క్రింద నలిగినవారు చాలవరకు గిరిజనులు. అప్పిచ్చినవారిలో మన మైదానపు వర్తకులును ఉండిరి. తెలుగువారి చరిత్ర వ్రాయునపుడు మనవారు ఒక ప్రక్కనే యుండిరని చెప్పుట న్యాయము కాదు. ఇక యానామునకు ఈ బ్రిటిషు చట్టములు వర్తింపలేదు. 1954 వరకు అచ్చట ఫ్రెంచి పాలన నడచినది.

1925 నాటి రద్దుతో కూలీలందరును పని విడుచు స్వేచ్ఛను పొందిరని గ్రంథములలో వ్రాయుట పరిపాటి. అందరును పొందలేదు. ఏలయనగా, అప్పటికే మరియొక చట్టము మన దేశద్రిమ్మరి జాతుల మెడకు చుట్టుకొనియుండెను.

నేరస్థ జాతుల చట్టము 1871లో ఉత్తరదేశమున పుట్టినది. మద్రాసు రాజధానికి అది 1911 నాటి 3వ చట్టముతో వచ్చినది. 1924లో దానిని తిరిగి క్రోడీకరించిరి. ఒక జాతి గాని, ముఠా గాని, ఒక వర్గపు ప్రజలు గాని జామీను లేని నేరములు చేయుటకు అలవాటుపడియున్నారని నమ్ముటకు కారణమున్నచో ప్రభుత్వము దానిని నేరస్థ జాతిగా ప్రకటింపవచ్చును. సాక్ష్యము అక్కరలేదు, నమ్మకము చాలును. ఆ ప్రకటన సరియైనది కాదని ఏ న్యాయస్థానమును విచారింపరాదని చట్టమే కట్టడి చేసినది. ప్రకటింపబడిన జాతివారి పేర్లు రిజిస్టరులో చేర్చి వేలిముద్రలు తీసికొందురు. వారు నియమిత వేళలకు అధికారి యెదుట హాజరు కావలెను. నివాసము మార్చినను, ఊరు విడిచినను తెలుపవలెను. ఊరూర తిరిగి మట్టిపని వెదకుకొనువానికి ఊరు విడుచుటయే బ్రదుకు. చట్టము ఆ బ్రదుకునే అనుమానాస్పదమని నిర్ణయించినది.

పూర్వశిక్ష విషయమున ఈ చట్టము చేసిన భేదము మరింత విస్పష్టము. సామాన్యుడు రెండవసారి దొంగతనమున పట్టుబడినచో శిక్షాస్మృతి 75వ సెక్షను క్రింద శిక్ష పెంచవచ్చును. ఎంత పెంచుటయన్నది న్యాయాధిపతి విచక్షణ. ప్రకటిత జాతివాడైనచో 23వ సెక్షను ప్రకారము రెండవసారి కనీసము ఏడు సంవత్సరములు, మూడవసారి యావజ్జీవ ద్వీపాంతరవాసము; తగ్గింపదలచిన న్యాయాధిపతి ప్రత్యేక కారణమును తీర్పులో వ్రాయవలెను. అనగా, నేరము ఒక్కటే యైనను చేసినవాని కులమునుబట్టి శిక్ష వేరు.

ఏ జాతులు ఇట్లు ప్రకటింపబడినవి? యెరుకలు ముఖ్యులు. తీరమునుండి ఉప్పును ఎడ్లపై, గాడిదలపై వేసికొని లోపలి ప్రాంతములకు చేర్చి, ధాన్యమునకు మారకము చేయుట వీరి పూర్వపు వృత్తి. ఉప్పుపై సర్కారువారి గుత్తాధిపత్యమును, రైలుబండియు వచ్చి ఆ వర్తకమును చంపినవి. ఈ విషయమును మీనా రాధాకృష్ణ తమ పరిశోధనలో సవిస్తరముగా నిరూపించియున్నారు. వృత్తి పోయినవారిని దొంగలనుట ప్రభుత్వమునకు సులభమైనది. వడ్డెరలలోను, దాసరులలోను కొన్ని శాఖలకు ముందు ‘దొంగ’ యను విశేషణమును తగిలించి దొంగ వడ్డెలు, దొంగ దాసరులని సర్కారు కాగితములలో వ్రాసిరి. జోగులు, దొమ్మరులు కూడ జాబితాలలో చేరిరి.

తమిళదేశమున తొట్టియ నాయకుల సంగతి మరింత విచిత్రము. వీరు రాజకంబళత్తారనబడు తెలుగువారు. 1799లో కయత్తారు వద్ద ఆంగ్లేయులు ఉరిదీసిన పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన ఈ కులస్థుడే. ఎట్టయాపురపు జమీందారులును ఈ కులస్థులే. పాలెములనేలిన కులమునకు చెందిన పేదలు, కొన్ని జిల్లాలలో, నూరేండ్లు దాటిన పిదప నేరస్థ జాతిగా నమోదైరి. జమీందారుని వేలిముద్ర ఎవరును అడుగలేదు. జాతియంతయు పుట్టుకచే నేరస్థమైనదను సిద్ధాంతము ఎంత నిలుకడలేనిదో ఈ యొక్క ఉదాహరణమే చాటును.

ఇప్పుడు సెటిల్‌మెంట్లను గూర్చి చెప్పవలెను. పని చట్టమునకును నేర చట్టమునకును ముడి పడినది అచ్చటనే. ప్రకటిత జాతులవారిని ఒకచోట నిర్బంధముగా నుంచి పని నేర్పు స్థలములకు సెటిల్‌మెంట్లని పేరు. గుంటూరుసీమలో బాపట్ల దగ్గర స్టువార్టుపురము 1913 ప్రాంతమున వెలసినది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడైన సర్ హెరాల్డు స్టువార్టు పేరు దానికి పెట్టిరి. రక్షణ సైన్యమని మనవారు పిలుచు సాల్వేషన్ ఆర్మీ దానిని నడిపెను. బెజవాడ చెంత సీతానగరము, నెల్లూరుసీమలో అమెరికను బాప్టిస్టు మిషనువారి కావలి, కర్నూలుసీమలో సిద్ధాపురము ఇట్టివే. బొంబాయి రాజధానిలో షోలాపురము, బిజాపురము, హుబ్బళ్ళి, గదగు పట్టణములందు సెటిల్‌మెంట్లు లేచినవి. మన యెరుకలకు దాయాదివర్గమని చెప్పదగిన కైకాడీలు షోలాపురమున ఉండిరి.

షోలాపురమును మనవారు ఎరుగనిది కాదు. తెలంగాణము నుండి పోయిన పద్మశాలీలు ఆ పట్టణమును తమ మగ్గములతో నింపిరి. 1877లో మొదటి నూలుమిల్లు వెలసిన పిదప మిల్లుకూలీలుగను చేరిరి. ఆ మిల్లులకే ముళ్ళతీగ కంచె లోపలినుండి సెటిల్‌మెంటు కూలీలను పంపెడివారు. తెల్లవారి ఒకే మిల్లు గేటులోనికి ఇరువురు కూలీలు పోవుచుండిరి. జీతము చాలకపోయిన పద్మశాలి పని మానవచ్చును, సమ్మె చేయవచ్చును, ఇంకొక మిల్లునకు పోవచ్చును. కంచెలోనివాడు పని మానినచో? సెటిల్‌మెంటులో నివసించువారు ఏ పని చేయవలెనో, ఎట్లు నడచుకొనవలెనో నియమములు చేయు అధికారము చట్టము ప్రభుత్వమునకు ఇచ్చినది. నియమము తప్పుట శిక్షార్హము. అనుమతి లేక వెలుపలికి పోయినవానిని వారంటు లేకయే పట్టవచ్చును. చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో కంపెనీ పొగాకు ఫ్యాక్టరీలో పనిచేసిన స్టువార్టుపురపు కుటుంబముల స్థితియు ఇదియే. 1925లో రద్దైనదనుకొన్న నేరశిక్ష, అనగా పని మానినవానికి ఖైదు, ఈ జాతులకు మాత్రము వేరొక ద్వారమున తిరిగివచ్చి మరి ఇరువది సంవత్సరములకు పైగా నిలిచినది. మిల్లు యజమానులు ఇందుకు విచారించినట్లు కానరాదు. విడిచిపోలేని కూలి వారికి లాభమే.

న్యాయము కొరకు చెప్పవలసినది కూడ ఒకటి యున్నది. ఈ సెటిల్‌మెంట్లలో బడులు వెలసినవి, కొందరికి భూములు దొరకినవి, చేతివృత్తులు నేర్పిరి. నడిపినవారిలో దయగలవారును లేకపోలేదు. కాని తలుపునకు బయటి గడియ వేసి లోపల అన్నము పెట్టుటను దయయనుటకు మనసు ఒప్పదు.

వ్యతిరేకత మన నేలనుండియే బలముగా లేచినది. నెల్లూరువాస్తవ్యులు వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల, యెరుకల మధ్య జీవితమంతయు పనిచేసి, శాసనసభలోను వెలుపలను ఈ చట్టము రద్దునకు పాటుపడిరి. 1936లో జవహరులాలు నెహ్రూ నెల్లూరున ప్రసంగించుచు, పౌరస్వేచ్ఛకు ఇది పూర్తిగా విరుద్ధమని చట్టమును ఖండించిరి. మద్రాసు ప్రభుత్వము 1947లో, బొంబాయి ప్రభుత్వము 1949లో దానిని రద్దుచేసినవి. కేంద్రప్రభుత్వము మాడభూషి అనంతశయనము అయ్యంగారుగారి అధ్యక్షతన 1949లో నియమించిన సంఘము మరుసటి యేట తన నివేదికలో దేశమంతటను రద్దుచేయవలెనని సిఫారసు చేసినది. 1952 ఆగస్టు 31వ తేదీన చట్టము ముగిసినది. నాటినుండి ఈ ప్రజలు విముక్త జాతులు.

అంతకు రెండున్నర సంవత్సరములకు ముందే, 1950 జనవరి 26న, రాజ్యాంగము అమలునకు వచ్చియుండెను. ప్రభుత్వోద్యోగములలో మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము అను కారణములలో దేనిచేతను ఏ పౌరునిపట్లను వివక్ష చూపరాదని 16వ అధికరణము రెండవ ఖండము శాసించినది. ఇందు ‘వంశము’ అను మాటను చదువునపుడు వేలిముద్రల రిజిస్టరులు తలపునకు రాకమానవు. ‘నివాసము’ అను మాట పరరాష్ట్రములలోని తెలుగువారికి మరియొక విధమున ముఖ్యము. ఉద్యోగములలో భాషాపరీక్షల ప్రశ్నయు దానితో చేరియున్నది. అది వేరుగా వ్రాయదగినంత విషయము గనుక ఇచ్చట విడుచుచున్నాను.

చట్టము పోయినను అనుమానము పోలేదు. రద్దు వెంటనే అలవాటు నేరస్థుల చట్టములు వచ్చినవి: మద్రాసున 1948లో, ఒరిస్సాలో 1952లో, బొంబాయిలో 1959లో, మైసూరున 1961లో, ఆంధ్రప్రదేశమున 1962లో. ఇవి జాతిని కాక వ్యక్తిని, వానికి నిజముగా పడిన శిక్షలను చూచునవి. ఆ భేదము చిన్నది కాదు. కాని పాత జాబితా కంఠస్థముగానున్న పోలీసు ఠాణాలో ఆ వ్యక్తి యెవరు కాగలడో ఊహించుట కష్టము కాదు.

ప్రవాసమున ఇంకొక చిక్కు. ఒకే జాతికి రాష్ట్రమునుబట్టి చట్టములోని స్థానము మారును. వడ్డెర కర్ణాటకమున భోవియై షెడ్యూల్డు కులస్థుడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వెనుకబడిన తరగతులలోని మొదటి వర్గమువాడు. మహారాష్ట్రమున విముక్త, సంచార జాతుల జాబితాలోనివాడు. తమిళనాట కొన్ని జిల్లాలలో విముక్త సమాజమువాడు. యెరుక ఆంధ్రమున షెడ్యూల్డు తెగవాడు. అతని బంధువు కొరచ కర్ణాటకమున షెడ్యూల్డు కులస్థుడు. సరిహద్దు దాటి పెండ్లియాడిన కుటుంబముల పిల్లలు ఉద్యోగపు దరఖాస్తులో ఏ గడి నింపవలెనో తెలియక తికమకపడుట ఇందుచేతనే.

నేటి చట్టము పూర్వశిక్షను గూర్చి ఏమనుచున్నదో మన యువకులు తెలిసికొనుట అవసరము. ప్రభుత్వోద్యోగి నేరవిచారణలో శిక్షింపబడినచో, ఆ నేరమునకు దారితీసిన ప్రవర్తన కారణముగా, వేరుగా విచారణ జరుపకయే తొలగించుటకు 311వ అధికరణము అవకాశమిచ్చుచున్నది. 1958 నాటి నేరస్థుల పరివీక్షణ చట్టము, మంచి నడవడిపై విడిచిపెట్టబడినవానికి శిక్షతో వచ్చు అనర్హత అంటదని 12వ సెక్షనులో చెప్పినది. అయితే కొలువునుండి తొలగించుట ఆ అనర్హతలోనికి రాదని 1985లో శంకరదాసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఆ వ్యాజ్యములోనే, ఢిల్లీ పాల సరఫరా పథకమునందలి ఆ చిన్న గుమాస్తాను తొలగించుట మితిమీరిన దండనమని అతనిని తిరిగి పనిలోనికి తీసికొనుమని ఆజ్ఞాపించెను. దరఖాస్తులో పాత కేసును దాచిన అభ్యర్థుల సంగతి 2016లో అవతార్ సింగు వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తులు విచారించిరి. యౌవనమున జరిగిన అల్పనేరమును దాచినచో యజమాని క్షమింపవచ్చును; దాచక చెప్పినను పూర్వ నడవడిని పరిశీలించు హక్కు యజమానికి కలదు; కాని అడుగని విషయమును చెప్పలేదని అభ్యర్థిని తప్పుపట్టరాదు. గడిలో అడిగినదానికి నిజము వ్రాయుడు. అడుగనిదానికి భయపడకుడు అని మన పిల్లలకు చెప్పవచ్చును.

జైలులోపలి పని సంగతి 2024 వరకు ఎవరును గట్టిగా పట్టించుకొనలేదు. ఆ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన సుకన్యా శాంత వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు వెలువరించెను. పలు రాష్ట్రముల జైలు నియమములు వంట, పాకీపని వంటివానిని కులమునుబట్టి పంచుచున్నవనియు, సంచార జాతులను, పూర్వపు నేరస్థ జాతులను అలవాటు నేరస్థులతో కలిపి లెక్కించుచున్నవనియు ఆ తీర్పు వివరించినది. ఆంధ్రప్రదేశపు 1979 నాటి నియమములును అందు పరిశీలింపబడినవి. 1952లో రద్దైన మాట 1979లో వ్రాసిన నియమములలో ఎట్లు చేరినదో ఆలోచింపవలసినదే. ఆ నియమములు రాజ్యాంగవిరుద్ధములని ప్రకటించి, మూడు నెలలలో వానిని సవరింపవలెననియు, ఖైదీల రిజిస్టరులలోని కులపు గడిని తీసివేయవలెననియు న్యాయస్థానము అన్ని రాష్ట్రములను ఆదేశించినది.